హైపో మీద నింద

ఎవరి తప్పు వారి మీద పడితే నాకు అభ్యంతరం లేదు. నోరు లేని వస్తువు మీద పడితే మాత్రం ఊరుకోవడం నాకు చేతకాదు. మొన్నటి వైశాఖంలో, ఏలూరులోని మా ఇంటి వెనుక వసారాలో, పట్టపగలు హైపో మీద ఒక నింద పడింది. అది ఎలా పడిందో, కడకు ఎవరి తలకు చుట్టుకొన్నదో చెప్పవలసిన బాధ్యత నాదే.

హైపో అన్న మాట ఒకప్పుడు ప్రతి ఊరి ఫొటో స్టూడియోలోనూ వినబడేది. ఈనాటి పాఠకులకు అది తెలియకపోతే వారి దోషం కాదు. చూడటానికి పటికబెల్లం పలుకుల్లా ఉండే లవణం అది. రసాయన శాస్త్రం చదివినవారు సోడియం థయోసల్ఫేట్ అంటారు. తెలుపు నలుపుల ఫిల్మును డెవలపర్‌లో ముంచితే బొమ్మ పుడుతుంది. పుట్టిన బొమ్మ బతికి బట్టకట్టాలంటే, వెలుగు సోకకుండా మిగిలిపోయిన వెండి లవణమంతా ఫిల్ము మీదనుంచి కరిగిపోవాలి. లేకపోతే అది ఏళ్ల తరబడి లోలోపల మాగి, గోధుమరంగు మచ్చయి, బొమ్మను మింగివేస్తుంది. ఆ మిగులును కరిగించే ద్రావణానికి ఫిక్సర్ అని పేరు. ఫిక్సర్లలో హైపో అన్నిటికన్న పాతది, అన్నిటికన్న నిదానమైనది.

మా వారికి తాడేపల్లిగూడెంలో స్టూడియో ఉండేది. ఫొటోలు తీయడం ఆయన వంతు. వాటిని చీకటిగదిలో కడిగి నిలబెట్టడం నా వంతు. తరువాత నాకు ఏలూరు పాఠశాలలో తెలుగు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఆయన పోయి స్టూడియో మూతపడినప్పుడు ఫిల్ములోని బొమ్మను పెద్దదిగా కాగితం మీదికి దించే ఎన్‌లార్జర్‌ను, ట్రేలను, నెగటివుల ట్రంకుపెట్టెను వెంటబెట్టుకొని ఇక్కడే స్థిరపడ్డాను. పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. వసారా చివరనున్న స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కొట్టించి, ఇప్పటికీ వారానికొకసారి అందులో పని చేస్తాను. ఈ వయసులో ఆ కంపు మందులతో పనేమిటని అడిగేవారిని, ఈ వయసులో టీవీ ఎదుట కూర్చోవడంలో ఉన్న పుణ్యమేమిటని ఎదురు అడుగుతాను. ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆ వైశాఖంలో ఒకనాటి ఉదయం, కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక స్త్రీ మా గుమ్మం ఎక్కింది. యాభై దాటిన మనిషి. చేపల ప్యాకింగ్ షెడ్డులో పని చేస్తానని చెప్పింది. చంకలో, పాత తువ్వాలులో చుట్టిన పటం ఉంది.

“గూడెం స్టూడియో పంతులమ్మగారంటే మీరేనాండి?”

“నేనేనమ్మా. కూర్చో.”

“కూర్చోటానికి రాలేదండి. మాయమ్మ మొకం పోతంది. సూడండి.”

తువ్వాలు విప్పింది. తాటిదోనెలో నిలబడి గడ పట్టుకొన్న ఒక నడివయసు స్త్రీ బొమ్మ. కాగితం కుడి అంచు నుంచి టీ ఒలికినట్టు గోధుమ మరక పాకి వచ్చి, భుజాన్ని, మెడను కప్పి, చెంప దగ్గర నిలిచి ఉన్నది.

“ఇన్నేళ్లూ బాగానే ఉందండి. నిరుడు దసరాకి బుజం కాడుంది ఈ మచ్చ. శివరాత్రికి మెడ మీదకొచ్చింది. ఇప్పుడు చెవి మింగేసింది. మాయమ్మకి ఇదొక్కటే ఫొటో. ఫొటో కార్డులూ గీర్డులూ రాకముందే పోయింది కదండి మరి. వెనకాల ముద్దర సూసి గూడెం ఎళ్తే, మీరిక్కడున్నారన్నారు.”

వెనుక ఉన్నది మా స్టూడియో ముద్రే. ఆ రోజు నాకు జ్ఞాపకమున్నది. మా వారు రెండు దోనెలు మాట్లాడుకొని కొల్లేటి మీదికి బొమ్మలు తీయడానికి వెళ్లారు. ఒకదానిలో ఆయన, కెమెరా. రెండవదానిలో నేను, గొడుగు, నీళ్ల కూజా. చేపల గంపలతో ఎదురు వస్తున్న ఈ తల్లిని ఆయన ఒక్క క్షణం ఆగమన్నారు. ఆమె దోనె ఆగింది గాని నోరు ఆగలేదు.

“ఎండలో చేపలు పాడైపోతంటే నీ బొమ్మలాటేంటయ్యా! తీత్తే తియ్యి, లేపోతే తప్పుకో!”

ఆ మాటకూ తరువాతి మాటకూ మధ్య దొరికిన రెప్పపాటులో మా వారు మీట నొక్కారు. ముడివడిన కనుబొమలు, బిగిసిన పెదవి, కెమెరాను దాని వెనుకనున్న మనిషితో సహా కాల్చివేసేటట్టున్న చూపు. ఆయన తీసిన వందలాది ముఖాలలో కెమెరాకు లొంగని ముఖం అదొక్కటేనని తరువాత చాలాసార్లు అన్నారు.

“ఈ కాగితాన్ని బాగుచేయలేనమ్మా,” అన్నాను. “నెగటివు నా దగ్గర ఉంటుంది. దానిలోనుంచి కొత్త బొమ్మ వేసి ఇస్తాను. ఆదివారం రా.”

“అది కూడా పోయుంటే?”

పెట్టె తీసి చూస్తేగాని చెప్పలేనన్నాను. ఆమె పటాన్ని మళ్లీ తువ్వాలులో చుట్టుకొని వెళ్లిపోయింది.

నెగటివు దొరికింది. దానికీ అదే జబ్బు. గడ పట్టుకొన్న చేతి మీద గోధుమ మచ్చ. ఆ మచ్చకూ ముఖానికీ మధ్య ఎడం వడ్లగింజ వెడల్పు. అంతకన్న భయపెట్టినది, ఫిల్ము అంతటా వ్యాపించిన పలుచని పాలపొర. ఆ మధ్యాహ్నమే ఆ నెగటివు నుంచి అలాగే కాగితం మీద ఒక బొమ్మ ముద్ర వేసి చూశాను. మనిషి మంచులో నిలబడినట్టు వచ్చింది. కనుబొమలు లేవు, చూపు లేదు. పొర ఉన్నదంటే కరగవలసిన లవణం ఇంకా ఫిల్ములో ఉన్నదని అర్థం. మళ్లీ ఫిక్సర్‌లో వేస్తే పొర విడుతుంది; మచ్చ ముందుకు నడవడం ఆగుతుంది. పడిన మచ్చ మాత్రం పోదు. అయితే ఇన్నేళ్ల నాటి ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచే జిగురుపొర, ఈ ఎండల్లో, ద్రావణం సరిపడకపోతే ఉబ్బి ఊడివస్తుంది. అప్పుడు మచ్చా ఉండదు, ముఖమూ ఉండదు. కాబట్టి ఏ ఫిక్సర్ అన్నదే ప్రశ్న.

నా దగ్గరి హైపో అడుగంటినందున తాడేపల్లిగూడెంలో ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. శుక్రవారం బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

“ఆయ్, ఇవిగోండి వదినగారూ, ఉల్లిపాయలు. ఇదిగోండి మీ పటికబెల్లం.” హైపో పొట్లాన్ని బల్ల మీద పెట్టి, సంచిలోనుంచి ఒక ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులా పైకి తీశాడు. “ఇదిగో, అసలు మందు. ర్యాపిడ్ ఫిక్సర్. అమ్మోనియం థయోసల్ఫేట్ అండి. ఆన్‌లైన్‌లో తెప్పించాను.”

“దీన్నెవరు తెమ్మన్నారు?”

“మీరు తెమ్మనరనే తెచ్చానండి. మీ హైపో పది నిమిషాలు నానబెట్టి చేసే పని ఇది మూడు నిమిషాల్లో చేస్తుంది. కడగటం తేలిక. లోకమంతా దీనికి మారిపోయి ఎన్నేళ్లయిందో తెలుసాండీ?”

“లోకమంతా మారినవన్నీ మనమూ మారాలంటే మీరింకా ఈ ధోవతితో బస్సెక్కుతున్నారేమిటి మరిదిగారూ?”

“ధోవతికి గాలాడుతుందండి. అది సైన్సు.”

నెగటివును కిటికీకి ఆనించి సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. తెలుపు నలుపులు తారుమారు చేసి, వేళ్లతో ఏదో రాచి, నాకు చూపించాడు. పాలపొర లేదు, నున్నటి ముఖం, చదునైన నుదురు, లేత పెదవి. కనుబొమల నడిమి ముడిని ఆ యంత్రం ముడతగా భావించి సాపు చేసివేసింది.

“ఎంత క్లియర్‌గా వచ్చిందో చూడండి!”

“వచ్చింది. ఈవిడెవరు?”

మా మరిది ఫోను జేబులో పెట్టుకొన్నాడు. కాని వాదం విడిచిపెట్టలేదు. నెగటివును వెలుగుకు ఎత్తి పట్టుకొని తీర్పు చెప్పాడు.

“ఇదంతా హైపో చేసిన పనండి. హైపో కూడా కాదు, అందులో అన్నయ్య కలిపిన పటిక. ఎండాకాలం జిగురు మెత్తబడకుండా పటిక వేసేవాడు కదా? అది జిగురును గట్టిపరుస్తుంది, నిజమే. గట్టిపడ్డ జిగురు హైపోను నీళ్లలోకి వదలదు. లోపల కూర్చుని ఇదిగో, ఇలా తినేస్తుంది. మీకు ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా అండి?”

నేను ట్రంకుపెట్టెను వసారాలోకి లాగించాను. నెగటివుల పొట్లాల మీద నెలల పేర్లు నా చేతివ్రాతతో ఉన్నాయి. వైశాఖం, జ్యేష్ఠం పొట్లాలు తీసి ఆయన ఒడిలో పెట్టాను.

“ఇవి ఎండాకాలానివి. పటిక కలిపిన హైపోలో వేసినవి. చూడండి.”

ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూశాడు. అద్దంలా ఉన్నాయి.

“ఈ కొల్లేటి నెగటివు మాఘమాసానిది. చలికాలం మీ అన్నగారు పటిక ముట్టుకొనేవారు కాదు. ఇప్పుడు చెప్పండి, పటిక ఏం చేసింది?”

“అయితే ఆ యేటి హైపో పాతబడి ఉంటుంది.”

“అదే యేటి కార్తికం చూడండి. అదే డబ్బాలోది.”

అదీ నిర్మలంగా ఉంది. చెడిన పొట్లాలన్నీ ఒక వరుసలో పేర్చాము. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం. చైత్రంతో మళ్లీ మంచివి మొదలు. గెలిచానన్న ఉత్సాహంలో పేర్చుకుంటూ పోతున్న నా చేయి ఫాల్గుణం దగ్గర ఆగిపోయింది. ఆ నాలుగు నెలలూ హైపోకు ఏమి జరిగిందో నాకు తెలియదు గాని, నాకు ఏమి జరిగిందో తెలుసు. అప్పుడు నేను పంతులమ్మ ఉద్యోగం కోసం తెలుగు పండిత పరీక్షకు చదువుతున్నాను.

దానికీ దీనికీ సంబంధమేమిటో చెప్పాలి. చీకటిగదిలో గడియారం కనబడదు. ముళ్లకు చీకట్లో మెరిసే పూత ఉన్న గడియారాన్ని, దాని మిణుకు ఫిల్ముకు సోకుతుందని మా వారు లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకని కాపురానికి వెళ్లిన కొత్తలోనే నేనొక ఏర్పాటు చేసుకొన్నాను. ఒక సీసపద్యాన్ని, దాని కింద వచ్చే ఎత్తుగీతితో సహా, మా గురువుగారు నేర్పిన పద్ధతిలో నిదానంగా రాగం తీసి చదివితే రెండున్నర నిమిషాలు పడుతుంది. గడియారం ఎదుట పెట్టుకొని పదిసార్లు సరిచూసుకొన్నాను. నాలుగు పద్యాలు చదివితే పది నిమిషాలు. హైపోకు కావలసినది అంతే. మా వారు “ఎంతసేపయింది?” అని అడిగితే నేను “మూడో పద్యం” అనేదానిని. ఆ లెక్క ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

పరీక్ష దగ్గరపడిన నెలల్లో నా పఠనం మారిపోయింది. రాగం పోయింది. కంఠస్థం చేసేవారి నోట పద్యం ఎలా ఉరుకుతుందో చదివినవారికి తెలుసు. పాదం మీద పాదం తోసుకుంటూ, ఊపిరి కూడా అడ్డమేనన్నట్టు. చీకటిగదిలోనూ నేను పరీక్షకే చదివాను. పద్యాలు నాలుగే చదివాను. కాలం మాత్రం నాలుగు పద్యాలంత గడవలేదు. సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది. ఆ నాలుగు నెలల ఫిల్ములనూ, ముద్రలనూ పచ్చిగానే పైకి తీశాను.

మా మరిదికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మొదట నవ్వాడు. నా ముఖం చూసి మానివేశాడు. గొంతు తగ్గించి అన్నాడు:

“పోనీలెండి వదినగారూ. ఆవిడకివన్నీ ఎందుకు? పాత మందులమ్మా, అప్పట్లో అంతే అనేస్తే సరిపోయె.”

“ఎవరి మీద అనమంటారు? హైపో మీదా?”

“అదేవన్నా వచ్చి మీతో దెబ్బలాడుతుందాండీ?”

“రాదు. అందుకే అనను.”

ఇక ఎంపిక మిగిలింది. నా తప్పు బయటపడింది కాబట్టి ఆయన ఫిక్సరే వాడాలని ఆయన వాదన. నా తప్పుకు హైపోకు శిక్ష ఏమిటని నా వాదన. కొల్లేటి నెగటివు ఉన్న ఫిల్ముచుట్టలోనే నీళ్లు, తుంగ తప్ప మరేమీ లేని రెండు బొమ్మలు ఉన్నాయి. వాటిని కత్తిరించి చెరొకటి తీసుకొన్నాము. ఇలాంటి పనికి చీకటి అక్కరలేదు. డెవలప్ అయిన ఫిల్ముకు వెలుగు భయం లేదు. వసారాలోనే పీటలు వేసుకొని కూర్చొన్నాము.

ఆయన డబ్బాలోది కొలిచి నీళ్లలో కలిపాడు. మూడు నిమిషాలకు పాలపొర విడిపోయింది. “చూశారా!” అన్నాడు. ఆ ముక్కను కుళాయి కింద పట్టాడు. మిట్టమధ్యాహ్నం, మేడ మీది ట్యాంకు నీళ్లు, చారు కాచినట్టున్నాయి. చూస్తుండగానే అంచు వెంబడి జిగురుపొర అప్పడంలా మడత తిరిగింది. తుంగ ఒకవైపుకు, నీళ్లొకవైపుకు జారిపోయాయి.

“ఇది మందు తప్పు కాదండి, నీళ్ల తప్పు,” అన్నాడు, చేతిలోని ఖాళీ ఫిల్మును చూస్తూ.

“అవును. నేనూ అదే అంటాను. మందు ఒక్కటే పని చెయ్యదు.”

నేను కుండలోని నీళ్లు తీసుకొని హైపో పలుకులు వేశాను. హైపోకు ఒక సుగుణమున్నది. నీటిలో కరిగేటప్పుడు ఆ నీటిని తానే చల్లబరుస్తుంది. అప్పటిదాకా వేడెక్కి ఉన్న గిన్నె వెలుపల చెమరుస్తుంది. ఈ డెల్టా ఎండల్లో మా వారు హైపోను విడవకపోవడానికి పిసినారితనమో ఛాందసమో కారణం కాదు. ఐసు లేని రోజుల్లో తన చల్లదనం తాను తెచ్చుకొనే మందు అదొక్కటే. మరీ చల్లబడినా ప్రమాదమే. చల్లటి మందులోనుంచి వెచ్చటి నీళ్లలోకి మారిస్తే జిగురు పగులుతుంది. అందుకని థర్మామీటరు పెట్టి, హైపో గిన్నె కుండనీళ్ల వేడికి సమానమయ్యేదాకా ఆగాను. పటిక వేయలేదు. పటిక గట్టితనం కొత్త ఫిల్ముకు మేలు చేయవచ్చు గాని, కడగటం కష్టమన్న మా మరిది మాటలో నిజమున్నది; నిజం ఎవరన్నా నిజమే. పొర విడవటానికి పన్నెండు నిమిషాలు పట్టింది. కుండనీళ్లలోనే కడిగాను. అంచు కదలలేదు.

“కుండనీళ్లు మీరు దాచుకుని, నాకు కుళాయి ఇచ్చారండి. ఇది అన్యాయం.”

“మీ మందును కుండనీళ్లలో కలిపితే అదీ నిలిచేదేమో. కాదనను. అది మంచి మందే. కాని అది తొందరపడేవాళ్ల కోసం పుట్టింది. ఎక్కువసేపు ఉంచితే బొమ్మలోని వెండిని కూడా కొరుకుతుందని మీరే ఒకప్పుడు చెప్పారు. ఈ పాత పొరకు ఎంతసేపు పడుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పది నిమిషాలు ఎక్కువైనా క్షమించేదే నాకు కావాలి. తొందరపడి ఆ ముఖానికి ఒకసారి చేసిన కీడు చాలు.”

ఆయన ఆ రాత్రికి గూడెం వెళ్లలేదు. ఆదివారం దాకా ఉండి, పని చూసి వెళతానన్నాడు.

ఆదివారం ఆమె తెల్లవారకముందే బయలుదేరి, మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో చిన్న థర్మాకోల్ పెట్టె.

“చేపలు తెద్దామనుకున్నానండి. మీరు తినరని గూడెంలో చెప్పారు. ఐసు తెచ్చా.”

ఆ ఐసు ట్రేలలోకి పనికిరాదన్నాను. మా మరిది ఒక ముక్కను తువ్వాలులో కట్టి నెత్తి మీద పెట్టుకొన్నాడు.

ఆమెను కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. ఫిక్సర్ అంటే ఏమిటో, పద్యంతో కాలం ఎలా కొలిచానో, ఏ నెలల్లో ఎందుకు తొందరపడ్డానో. ఆమె నా ముఖం నుంచి చూపు తిప్పకుండా వింది.

“అంటే మీరు పద్యాలు గబగబా సదివేరని మాయమ్మ మొకం పోతందాండి?”

“అంతేనమ్మా.”

“మందుల్లో ఏం తేడా లేదు?”

“లేదు.”

మా మరిది దగ్గాడు. ఆమె అటు చూడలేదు.

“పరీక్ష పాసయ్యేరా?”

“అయ్యాను.”

“అదన్నా అయ్యింది.” కొంగుతో మెడ తుడుచుకొంది. “మాయమ్ముంటే మిమ్మల్ని ఈ వసారాలోంచి కొల్లేటి దాకా తిట్టేదండి. నాకంత నోరు లేదు. ఇప్పుడేం చేత్తారో చెయ్యండి. నేనిక్కణ్ణుంచి కదల్ను.”

రెండు ట్రేలలో తాజా హైపో కలిపాను. మొదటిది మురికిని తీసుకోవడానికి, రెండవది మిగిలినదానిని తీయడానికి. మా మరిది సెల్‌ఫోనులో సమయం పెట్టాడు. నేను వద్దనలేదు. పద్యం మీద నాకున్న భక్తి ఆ తల్లి ముఖం కన్న పెద్దది కాదు. నెగటివును కుండనీళ్లలో నానబెట్టి, చిమటాతో అంచు పట్టుకొని, మొదటి ట్రేలోకి జార్చాను.

రెండు మూడు నిమిషాలు పోయాక ఆమె అంది:

“ఆ పద్యమేదో సదవండి పంతులమ్మగారూ. ఊరకే కూర్చుంటే బయ్యంగా ఉంది.”

చదివాను. గురువుగారి పద్ధతిలో, ప్రతి పాదం చివరా ఊపిరి తీసుకొని. ఆమెకు అర్థం తెలిసిందో లేదో నేను అడగలేదు. ట్రే అంచును నెమ్మదిగా పైకెత్తి దించుతూ చదివాను. మూడవ పద్యంలో పాలపొర మూలలనుంచి విడవడం మొదలుపెట్టింది. ఎండ ఎక్కినకొద్దీ పొగమంచు నీళ్ల మీదనుంచి లేచినట్టు, ముందు నీళ్లు, తరువాత దోనె, ఆ తరువాత మనిషి. మా మరిది ఫోను మోగింది. రెండవ ట్రేలోకి మార్చి మరో పది నిమిషాలు ఉంచాను. జిగురు అంచులను వేలితో తాకి చూడాలన్న కోరికను బలవంతాన ఆపుకొన్నాను.

కడగడం ఇంకా పెద్ద పని. వసారాలో నింపి ఉంచిన మూడు కుండలూ ఖాళీ అయ్యాయి. ప్రతిసారీ ఫిల్ము నుంచి కారిన చుక్కలను పొటాషియం పర్మాంగనేటు కలిపిన గులాబిరంగు నీళ్లలో వేసి చూశాను. హైపో మిగిలి ఉంటే ఆ రంగు విరిగిపోతుంది. మూడుసార్లు విరిగింది. నాలుగవసారి కొంచెం వెలిసింది. ఐదవసారి గులాబిరంగు అలాగే నిలిచింది. అప్పుడు ఫిల్మును క్లిప్పుకు తగిలించి వసారాలో దండెం మీద ఆరవేశాము. ఆమె దానికింద చాప వేసుకొని కూర్చొని, ఈగ వాలకుండా కొంగుతో విసురుతూ ఉన్నది.

మధ్యాహ్నం మూడు గంటలకు ముగ్గురమూ స్నానాలగదిలో నిలబడ్డాము. ఎర్రబల్బు వెలిగించి, ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టి, వెలుగు పట్టి, డెవలపర్‌లో వేశాను. తెల్లకాగితం కొంతసేపు తెల్లగానే ఉన్నది. ముందుగా వచ్చినవి కనుబొమలు. వాటి మధ్యనుండే ముడి. తరువాత కళ్లు. పెదవి. గడ పట్టుకొన్న చేయి ఉండవలసిన చోట, నెగటివులోని మచ్చ కాగితం మీద తెల్లబారి, చేతిని మణికట్టు దాకా తినివేసింది. ముఖాన్ని మాత్రం తాకలేకపోయింది.

కాగితాన్ని డెవలపర్ పనిని ఆపే పుల్లటి నీళ్లలో ముంచి, హైపోలో పది నిమిషాలు పెట్టి, తలుపు తీశాను. ఆమె ట్రే మీదికి వంగింది.

“ఇదేనండి,” అంది. “ఇలాగే సూసేది నన్ను. నేను పెళ్లైపోయి పిల్లల్ని కన్నాక కూడా ఇలాగే సూసేది.”

మా మరిది మెల్లగా అన్నాడు: “ఆ చెయ్యి కంప్యూటర్‌లో పెట్టించొచ్చమ్మా. తెలీనే తెలీదు.”

“వద్దండి. చెయ్యి పెడతామని చెప్పి మొకం కూడా సరిచేసేత్తారు మీరు.”

ఆయన ఫోనులోని బొమ్మను నేను ఆమెకు చూపలేదు. ఆమెకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

బొమ్మను గంటసేపు కడిగి, నీడన ఆరబెట్టి, రెండు అట్టల మధ్య పెట్టి ఇచ్చాను. ఆమె తీసుకొంది. లేవలేదు.

“ఆ ఫిల్ము కూడా ఇవ్వండి.”

మా వారి నెగటివు ఏ ఒక్కటీ ఇంతవరకు ఆ పెట్టె దాటి పోలేదు. పెద్దపెద్ద వాళ్లు అడిగినా ఇవ్వలేదు. ముద్రలు ఎన్నైనా వేసి ఇస్తానుగాని నెగటివు ఇవ్వనని, అది మా ఇంటి కట్టుబాటని చెప్పాను.

“మీ కట్టుబాటు మంచిదేనండి,” అంది. “మళ్లీ మీకేదన్నా పరీక్షొత్తే?”

మా మరిది నెత్తిమీది తడిగుడ్డ తీసి ముఖం తుడుచుకొన్నాడు, నవ్వు కనబడకుండా. నేను నవ్వలేదు. ఎవరి తప్పు వారిమీద పడాలన్న నా మాటను నేను అందరికీ విధించి, నాకు మాత్రం మినహాయింపు పెట్టుకోలేను. లోపలికి వెళ్లి, నెగటివును కొత్త కాగితపు కవరులో పెట్టి, మీద మాఘం అని వ్రాసి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. చెమ్మ తగలనివ్వవద్దని, వేళ్లతో మధ్యలో ముట్టుకోవద్దని, పొయ్యి దగ్గరా, షెడ్డులోనూ పెట్టవద్దని, పొడి చోట, ఇనప్పెట్టెలోనో—

ఆమె కవరును జాకెట్టులో దోపుకొని లేచి నిలబడింది.

“మాయమ్మనెక్కడ పెట్టుకోవాలో నాకు తెలుసండి.”